పిల్లల ఫాంటసీ కథలో లేని మాటలు పుట్టించవచ్చా?

ప్రశ్న: “ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. లోకమే కొత్తది కాబట్టి మాటలు కూడా కొత్తగా పుట్టించాలని ఆశ. ఊరి పేరు క్జార్థ్, అక్కడి జంతువు వ్రెమ్న్, ఇలా. మొదటి రెండు అధ్యాయాలు చదివిన స్నేహితురాలు ‘ఉన్న తెలుగే పిల్లలకు సరిగ్గా రావడం లేదు, ఇక లేని తెలుగు ఎందుకు?’ అంది. పుస్తకం చివర అర్థాల పట్టిక పెడితే సరిపోతుందా, లేక కొత్త మాటలు మానేయాలా?”

జవాబు:

మానేయకండి. పట్టిక కూడా పెట్టకండి. ముందే తేల్చి చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ స్నేహితురాలి మాటకు మీరు అప్పుడే సగం లొంగిపోయినట్టు ప్రశ్నలోనే కనిపిస్తోంది. నేను చాలా ఏళ్లుగా పిల్లల కథలు రాస్తున్నాను, ఇతరులు రాసినవి దిద్దుతున్నాను, అన్నిటికంటే ఎక్కువగా పిల్లల ముందు కూర్చుని గట్టిగా చదివి వినిపిస్తున్నాను. లేని మాట విని పిల్లలు నవ్వేది ఉన్న భాష వాళ్లకు వచ్చు కాబట్టే అని నా నమ్మకం. ‘ఇలాంటి మాట లేదు, కానీ ఉండొచ్చు’ అని వాళ్లకు తెలుస్తుంది. సంతోషమంతా అలా తెలియడంలోనే ఉంది. భాష రానివాళ్లకు మీరు పుట్టించిన మాటా ఒకటే, నిఘంటువులో ఉన్న మాటా ఒకటే. రెండూ తెలియనివే.

ఇప్పుడే అల్లిన ఒక వాక్యం చూడండి:

మిసిరి పొద్దున జొంబళాలు జిలకలాడుతూ గూబరు మీద లిమిలించాయి.

‘పొద్దున’, ‘మీద’ తప్ప ఇందులో మనకు తెలిసిన మాట లేదు. అయినా ఒక తొమ్మిదేళ్ల పిల్లకు ఇది చదివి ప్రశ్నలు అడగండి. లిమిలించింది ఎవరు? జొంబళాలు. ఒకటా, చాలానా? చాలా. ఒక్కటే ఉంటే ఏమంటావు? జొంబళం. ఎక్కడ లిమిలించాయి? గూబరు మీద. ఊరికే లిమిలించాయా? లేదు, జిలకలాడుతూ. జొంబళాలు మనుషులా? ఇక్కడ ఒక్క క్షణం ఆగి, కాదంటుంది. ఎందుకు కాదో అడిగితే చెప్పలేకపోవచ్చు. మనుషులైతే ‘లిమిలించారు’ అని ఉండాలని ఆ పిల్లకు తెలుసు. తెలుసన్న సంగతే తెలియదు. ‘సరే, ఇప్పుడు నువ్వు లిమిలించు’ అనండి. లేచి ఏదో ఒకటి చేస్తుంది. అది ఏమిటో ముందుగా చెప్పలేను గానీ, ధబీమని కిందికి దూకుతుందని మాత్రం నేననుకోను.

ఆ వాక్యానికి అర్థం ఎక్కడి నుంచి వచ్చింది? చివర్ల నుంచి. -లు, -తూ, -ఆయి, మీద. ఇవన్నీ పాత తెలుగే. మాటల మొదళ్లు మాత్రమే కొత్తవి. ‘జొంబళుడు లిమిలించాడు’ అని మార్చి చూడండి. వెంటనే ఒక మగమనిషి నిలబడతాడు, అదీ కాస్త పౌరాణికంగా. ‘జొంబళమ్మ లిమిలించింది’ అంటే మరో మనిషి. ఒక్క ప్రత్యయం మారితే మొత్తం బొమ్మ మారిపోతుంది. తెలుగు మాటల చివర్లలో ఇంత పనితనం ఉంది కాబట్టి మనకు ఈ ఆట చాలా సులువు. దాన్ని వాడుకోకపోవడమే నష్టం.

పిల్లల దగ్గర ఉన్నది మాటల మూట ఒక్కటే కాదని 1958లోనే ఒక చక్కని పరీక్షతో తేలింది. జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు పిట్టలాంటి ఒక బొమ్మ చూపించి ‘ఇది వగ్’ అన్నారు. తర్వాత అలాంటివి రెండు చూపించి, ‘ఇప్పుడు ఇవి రెండు...’ అని ఆగిపోయారు. ఆ మాటను పిల్లలు అంతకుముందు ఎవరి నోటా విని ఉండరు. అయినా ఎక్కువమంది బహువచనం సరిగ్గా చెప్పారు. మాటలు తయారుచేసే పద్ధతి వాళ్లకు అప్పటికే పట్టుబడిందన్నమాట. తెలుగులోనూ ఇది మీ ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక డుంబి, రెండు...? పిల్లి పిల్లులైనట్టు డుంబులు వస్తాయి. ఒక టిల్లకం, రెండు? టిల్లకాలు. ఒక డూరు, రెండు? ఒకరు డూళ్లు అంటారు, ఇంకొకరు డూర్లు అంటారు, ఇద్దరూ వాదులాడుకుంటారు. లేని మాట బహువచనం మీద ఇద్దరు పిల్లలు పట్టుదలగా పోట్లాడుకుంటున్నారంటే, ‘ఉన్న తెలుగే రావడం లేదు’ అన్న మాట ఎంతవరకు నిజమో మీ స్నేహితురాలే ఆలోచించాలి.

ఇక మీ క్జార్థ్, వ్రెమ్న్ దగ్గరికి వస్తాను. వీటిని మార్చండి, తప్పదు. అవి కొత్త మాటలు కావడం ఇబ్బంది కాదు, తెలుగు నోటికి ఒదగకపోవడం ఇబ్బంది. మనది అజంత భాష. మాట చివర అచ్చు ఉంటేనే దానికి విభక్తి అతుక్కుంటుంది. బస్ మన దగ్గరికి వచ్చి బస్సు అయింది, కార్ కారైంది. మీ క్జార్థ్‌ని కూడా పిల్లలు ‘జారుతు’ అనో ‘కజారుతు’ అనో చేసుకుని చదువుతారు, లేదా ఆ పేరు వచ్చిన ప్రతిచోటా కన్ను దాటేస్తారు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది. ఆ ఊరు ‘జారుతి’ అయితే? జారుతిలో, జారుతికి, జారుతి వాళ్లు. అన్నీ హాయిగా కలుస్తాయి. పైగా జారడం అన్న క్రియ లోపల దాగి ఉంది కాబట్టి ఆ ఊరు కొండ వాలున ఉందేమోనన్న అనుమానం పిల్లల్లో కలుగుతుంది. ఆ అనుమానాన్ని మీరు నిజం చేయవచ్చు, లేదా ఊరిని చదునుగా పెట్టి ఆశ్చర్యపరచవచ్చు. ఏదైనా సరే, పేరు పని చేస్తోంది. హల్లులు గుత్తులుగా పేర్చి చివర పొల్లు పెడితే వింతలోకం వచ్చేస్తుందన్న నమ్మకం ఇంగ్లీషు ఫాంటసీ ఎక్కువగా చదివినవాళ్లలో ఉంటుంది. తెలుగు చెవికి అది వింతలా వినిపించదు, తలుపు మూసినట్టు వినిపిస్తుంది.

శబ్దం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. వోల్ఫ్‌గాంగ్ కోలర్ 1929లో రెండు బొమ్మలు గీశాడు. ఒకటి గుండ్రటి వంపులది, ఇంకోటి పదునైన కోణాలది. ‘టకేటే’ ఏది, ‘బలూబా’ ఏది అని అడిగితే కోణాలదే టకేటే అన్నవాళ్లే ఎక్కువ. 2001లో వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బార్డ్ అదే ఆటను ‘బౌబా’, ‘కికి’ అనే మాటలతో ఆడి, దాదాపు అందరూ ఒకేలా జవాబిస్తున్నారని రాశారు. 2022లో 25 భాషలవాళ్లను అడిగిన అధ్యయనంలో ఆ అంకె 72 శాతానికి తగ్గింది. కొన్ని భాషల్లో ఆ మొగ్గు అసలు కనిపించలేదు. అంటే ఇది రాతిమీద రాసిన సూత్రం కాదు, బలమైన ఒక వాలు. రాసేవాళ్లకు ఆ వాలు చాలు.

అయినా తెలుగువాళ్లకు ఈ సంగతి ప్రయోగశాల చెప్పాలా? వెలుగుకు మన దగ్గర ఎన్ని జంటమాటలున్నాయో చూడండి. నక్షత్రాలు మిలమిల మెరుస్తాయి. తోమిన గిన్నె తళతళలాడుతుంది. నూనె రాసిన జుట్టు నిగనిగలాడుతుంది. బంగారం ధగధగ మెరుస్తుంది. చివరికొచ్చిన దీపం మిణుకుమిణుకుమంటుంది. వీటిలో ఏ ఒక్కటీ ఇంకోదాని చోట కూర్చోదు. మిణుకుమిణుకుమనే కిరీటం అంటే ఆ రాజ్యం పని అయిపోయినట్టే. ఇప్పుడు మీ కథలో ఒక గుహ ఉంది, దాని గోడలు ‘లుమలుమ’ వెలుగుతున్నాయి అని రాయండి. ఆ వెలుగు ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. మెత్తనిది, లోపలి నుంచి వచ్చేది, కళ్లు నొప్పించనిది. ‘టిక్రటిక్ర’ వెలుగుతున్నాయి అంటే అదే గుహలోకి వెళ్లాలంటే భయమేస్తుంది. ‘ఢ’, ‘ఘ’, ‘భ’ లాంటి ఒత్తక్షరాలు పెద్ద ఒళ్లు, బరువు, గర్జన తెస్తాయి. ‘ల’, ‘మ’, ‘న’ మెత్తదనం తెస్తాయి. రాక్షసుడికి లుమిలి అని, పిచ్చుకపిల్లకు ఢంభోఘం అని పేరు పెడితే పిల్లలు నవ్వుతారు. అదీ ఒక పద్ధతే. కాకపోతే తెలిసి చేయాలి.

తెలుగులో మాటలు పుట్టించే యంత్రాలు సిద్ధంగా చాలా ఉన్నాయి. అందులో అందరూ రోజూ వాడేది ‘గి’. పులీ గిలీ, పామూ గీమూ, ఇల్లూ గిల్లూ. మొదటి అక్షరం తీసేసి, అది పొట్టిదైతే ‘గి’, పొడుగుదైతే ‘గీ’ పెట్టడమే. ఏ మాట వచ్చినా పని చేస్తుంది, నిన్న వచ్చిన ఇంగ్లీషు మాటకైనా సరే. బస్సూ గిస్సూ, హోంవర్కూ గీంవర్కూ. పెద్దవాళ్లు ‘ఇక్కడ పులీ లేదు, గిలీ లేదు, పడుకో’ అంటారు. పులి లేదు, నిజమే. మరి గిలి? గిలి లేదని ఎలా తెలుసు? ఎవరైనా వెతికారా? నాకైతే ఇక్కడ ఒక నవలంత చోటు కనిపిస్తుంది. మనం లెక్కచేయకుండా అనేసిన గిలులు, గీములు, గిల్లులు అన్నీ చేరి బతికే లోకం. గిల్లులో కాపురముంటూ, గీపాలు వెలిగించుకుని, ‘మనుషులూ గినుషులూ ఏమీ లేరు, పడుకో’ అని పిల్లలను జోకొట్టే జీవులు. ఇక్కడ ఒక నియమం అడ్డొస్తుంది చూడండి. గిన్నెకు జంట దొరకదు. గిన్నె ముందే ‘గి’తో మొదలైంది కాబట్టి ‘గిన్నే గిన్నే’ అనాల్సి వస్తుంది. అంటే గిన్నె మన లోకంలోనూ ఆ లోకంలోనూ ఒకటే. అయితే రెండు లోకాల మధ్య దారి గిన్నెలోంచే కదా! మీరు కష్టపడి ఆలోచించాల్సిన కథ మలుపును వ్యాకరణమే ఇచ్చేసింది. నియమం గట్టిగా పట్టుకున్నవాళ్లకే ఇలాంటి బహుమతులు దొరుకుతాయి.

రెండోది ఆమ్రేడితం, అంటే ఒకే మాటను వెంటనే మళ్లీ అనడం. పగలు పగలు పట్టపగలు, చివర చివర చిట్టచివర, నడుమ నడుమ నట్టనడుమ. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనికి సూత్రం ఉంది: మొదటి మాటలో తొలి అచ్చు తర్వాత ఉన్నవన్నీ పోయి అక్కడ ‘ట్ట’ వస్తుంది. బళ్లో ఇది మార్కుల కోసం బట్టీపట్టే సంధి. కథలో ఇది మంత్రం. నిద్రకు నిట్టనిద్ర. అంటే నిద్రల్లోకెల్లా లోతైనది. కలకు కట్టకల, కలలో వచ్చిన కల. ‘నిట్టనిద్రలో ఉన్న రాక్షసుడికి కట్టకల వచ్చింది’ అని చదివితే పిల్లలు అర్థం అడగరు, వాళ్లే మరో నాలుగు చేసి తెస్తారు. ఆ తర్వాత పాఠంలో ఆమ్రేడిత సంధి వచ్చినప్పుడు అది వాళ్లకు పాత స్నేహితుడు.

క్రియలు చేయడం ఇంకా తేలిక. -ఇంచు చాలు. తాబేలించుకుంటూ బడికి వచ్చాడు. చప్పుడు కాకుండా పిల్లించి అటక ఎక్కింది. ఇక కోతించింది చాలు, కిందికి దిగు.

రెండు మాటలను కలిపి ఒకటి చేయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లూయిస్ కారల్ 1871లో వచ్చిన ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’లో దీనికి ఒక పేరు కూడా పెట్టాడు: రెండు అరలుండే పెట్టెలాంటి మాట అని. అప్పటి నుంచి అందరూ రెండు మాటలను సగానికి కోసి అతికిస్తున్నారు. ఒంటె, గాడిద కలిపి ‘ఒంగాడిద’. వినండి. అతుకు కనిపిస్తోంది, ఒంటె మాత్రం కనిపించడం లేదు. చదివేవాళ్లకు ఎవరో చెప్పాలి. ఇప్పుడు ఇవి చూడండి: తాబేనుగు. చిలుకప్ప. ఉడుతాబేలు. తాబేలులోని ‘బే’ పలుకుతుండగానే ఏనుగు మొదలైపోతుంది. చిలుక చివరి ‘క’యే కప్ప మొదటి ‘క’. రెండు మాటలూ స్పష్టంగా వినిపిస్తాయి, కుట్టు మాత్రం దొరకదు. పిల్లలు ఒక్కసారి విని, కళ్లు పెద్దవి చేసి, ‘ఓ!’ అంటారు. ఆ ‘ఓ’ కోసమే నేను ఈ పని చేస్తున్నాను.

బెంగాలీలో సుకుమార్ రాయ్ చేసిందీ ఇదే. ఆయన ‘ఆబోల్ తాబోల్’ 1923 సెప్టెంబరులో అచ్చయింది. అంతకు కొద్ది రోజుల ముందే, ముప్పై ఆరేళ్ల లోపే, ఆయన కన్నుమూశారు. అందులో హాతి, తిమి కలిసి హాతిమి, అంటే ఏనుగు తిమింగలం. బక, కచ్ఛప కలిసి బకచ్ఛప, అంటే కొంగ తాబేలు. రెండింటిలోనూ మధ్య అక్షరం ఇద్దరిదీ. బొమ్మలు కూడా ఆయనే వేశారు. మన లిపులన్నిటిలో అక్షరమే మెట్టు కాబట్టి, ఆ మెట్టు మీద రెండు మాటలు కలుసుకోవాలి. అక్షరమే మెట్టు అని పిల్లలకు ఎవరూ చెప్పకపోయినా తెలుసు. ప్రతి అక్షరం ముందు ‘క’ చేర్చి ‘కనీ కపే కరే కమి కటి’ అని రహస్యంగా మాట్లాడుకునే ఆట ఆడినవాళ్లందరికీ ఇది నాలుక చివర ఉన్న విద్య.

కొత్త మాట పుట్టించకుండానే చేసే ఆట ఇంకొకటి ఉంది: జాతీయాన్ని ఉన్నదున్నట్టు నమ్మేయడం. నార్టన్ జస్టర్ 1961లో రాసిన ‘ద ఫాంటమ్ టోల్‌బూత్’లో తొందరపడి ఒక నిర్ణయానికి వచ్చినవాళ్లు నిజంగానే ఎగిరి ‘నిర్ణయాలు’ అనే దీవిలో పడతారు. అది ఇంగ్లీషు జాతీయం, అక్కడే బతుకుతుంది, దాన్ని ఇటు తెచ్చుకోకండి. మనకు మనవి ఉన్నాయి. కాలికి బుద్ధి చెప్పాడు అంటాం కదా. ఒక ఊళ్లో సాయంత్రమైతే అందరూ అరుగుల మీద కూర్చుని తమ తమ కాళ్లకు బుద్ధి చెబుతుంటారు. కుడికాలు వింటుంది, ఎడమకాలు వినదు. నోరు జారింది అంటాం. జారిన నోరు ఎక్కడిదాకా వెళ్లింది? కళ్లు నెత్తికెక్కినవాడికి ముందున్న గుంట కనబడదు, పైనున్న మబ్బు మాత్రం బాగా కనబడుతుంది. తల ప్రాణం తోకకు వచ్చిందని అమ్మ అనగానే ఐదేళ్ల పిల్లవాడు వెనక్కి వెళ్లి తోక కోసం చూస్తాడు. ఆ చూపులో ఎగతాళి లేదు, పూర్తి నమ్మకం ఉంది. మీరు రాయాల్సింది ఆ నమ్మకంతోనే. రచయిత పక్కకు తిరిగి పెద్దవాళ్లకు కన్నుకొడితే పిల్లలకు తెలిసిపోతుంది, మనసు విరిగిపోతుంది.

మాటలాట అంటే నవ్వు ఒక్కటే అనుకోకండి. మన పాత కవులు పెదవులు తగలని అక్షరాలతోనే పద్యాలు రాశారు, నిరోష్ఠ్యం అంటారు దాన్ని. కథలో దాన్నొక శాపం చేయండి. మంత్రగత్తె శాపంతో ఒక పిల్ల పెదవులు ఒకదాన్నొకటి తాకలేవు. ప, ఫ, బ, భ, మ ఏవీ పలకలేదు. మొదట అంతా తమాషాగానే ఉంటుంది. ఆ పిల్ల పేరు మీనా, తన పేరు తానే చెప్పుకోలేదు. నాన్నను పిలవగలదు, అక్కను పిలవగలదు, తాతను పిలవగలదు. అమ్మను పిలవలేదు. చదువుతున్న గొంతు ఇక్కడ దానంతటదే నెమ్మదిస్తుంది. చాలా అధ్యాయాలు తిరిగాక ఆమెకు ఒక మాట దొరుకుతుంది: ‘తల్లీ’. అందులో పెదవులతో పని లేదు. ఒక అక్షరాల ఆట ఇంత దూరం తీసుకెళ్తుంది.

ఇప్పుడు పట్టిక సంగతి. కారల్ కథలో ఆలిస్ ఒక వింతమాటల పద్యాన్ని మొదటి అధ్యాయంలోనే చదువుతుంది. తల నిండా ఏవేవో ఊహలు కదిలాయి గానీ అవేమిటో తెలియడం లేదంటుంది. అర్థాలు చెప్పే హంప్టీ డంప్టీ వచ్చేది ఆరో అధ్యాయంలో. అతను గోడమీద కూర్చుని, మాటలన్నీ తన పనివాళ్లన్నట్టు దర్జాగా వివరిస్తాడు. ఆ వివరణ కూడా ఆటే. మధ్యలో నాలుగు అధ్యాయాల పాటు పిల్లలకు ఊహించుకునే స్వేచ్ఛ దొరికింది. ఆ పద్యంలోని ‘చార్టిల్’ అనే మాట, ముసిముసి నవ్వూ గురకలాంటి చప్పుడూ కలిపి చేసింది, ఇవాళ ఇంగ్లీషు నిఘంటువుల్లో మామూలు మాటల మధ్య కూర్చుని ఉంది. చివర పట్టిక పెట్టామంటే ప్రతి మాటకూ ఒకే తలుపు పెట్టి తాళం వేసినట్టే. పిల్ల ఊహించుకున్న లిమిలింపు తప్పని తేల్చే హక్కు మనకు లేదు.

పట్టిక చేసే పనిని కథే చేయాలి. అందుకు మంచి దారి, మాటను ఎవరి నోట పెడుతున్నామో ఆలోచించడం. 1957 నాటి ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు గుర్తు తెచ్చుకోండి. రాక్షసుల నోటికి సంయుక్తాక్షరం తిరగదు, అందుకని అస్మదీయులు అసమదీయులవుతారు. దాని పక్కనే ‘తసమదీయులు’ వచ్చి కూర్చుంటుంది. ఆ రెండోది ఏ నిఘంటువులోనూ లేదు, అయినా మనవాళ్లు కానివాళ్లని ఒక్కసారి వినగానే అందరికీ తెలిసిపోయింది. తెలిసిన మాట పక్కన తెలియని మాటను జంటగా నిలబెట్టడమే అక్కడి కిటుకు. రోల్డ్ డాల్ ‘ద బీఎఫ్‌జీ’ (1982)లో పెద్ద రాక్షసుడు బడికి వెళ్లలేదు. మనసులో ఉన్నది ఒకటి, నోటి నుంచి వచ్చేది మరొకటి. సోఫీ అనే చిన్నపిల్ల అతన్ని సరిదిద్దుతూ ఉంటుంది. కొండంత వాడి భాష తన భాషకంటే తక్కువని తెలిసిన క్షణంలో చదివే పిల్లకు కలిగే ధైర్యం చిన్నది కాదు. డాల్ మాటలకు 2016లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఏకంగా ఒక నిఘంటువే వేశారు. అది పిల్లలు ఆ మాటలను ప్రేమించిన తర్వాత వచ్చింది, ముందు కాదు.

ఒక హెచ్చరిక, ఇందులో నేను కొంచెం గట్టిగానే ఉంటాను. మీ వింతజీవి తప్పుగా మాట్లాడవచ్చు, కానీ ఆ తప్పు ఏ ప్రాంతంవాళ్ల యాసో, ఏ కులంవాళ్ల మాటతీరో, నత్తి ఉన్న మనిషి పలుకో కాకూడదు. అది ఆట కాదు. చదివే పిల్లల్లో ఒకరి ఇంట్లో అందరూ అలాగే మాట్లాడుతుండవచ్చు. రాక్షసుడి తప్పులకు ఒక సొంత వ్యాకరణం కట్టండి. ఉదాహరణకు అన్ని క్రియలనూ భవిష్యత్తులోనే చెబుతాడు, ‘నిన్న వస్తాను, మొన్న తింటాను’ అంటాడు. ఆ తప్పు లోకంలో ఎవరిదీ కాదు, అతనిదే. అలాగే మీరు పుట్టించిన ప్రతి మాటనూ రెండు మూడు వేర్వేరు ప్రాంతాలవాళ్లకు వినిపించండి. మీకు ముద్దుగా ఉన్న శబ్దం ఇంకోచోట బూతు కావచ్చు, తిట్టు కావచ్చు. ఇది అచ్చుకు ముందే తెలియాలి.

మోతాదు విషయంలో నా అలవాటు ఇది: ఒక సన్నివేశానికి ఒకే కొత్త మాట, అది కూడా కనీసం మూడు వేర్వేరు వాక్యాల్లో తిరిగి రావాలి. మొదటిసారి వింతగా, రెండోసారి అనుమానంగా, మూడోసారి తెలిసినదిగా. పైన నేనిచ్చిన జొంబళాల వాక్యంలా అన్నీ ఒకేసారి గుమ్మరించడం పద్యంలో, మంత్రంలో, జోలపాటలో బాగుంటుంది. మామూలు కథనంలో రెండు పేజీలు అలా నడిస్తే పిల్లలు పుస్తకం మూసేస్తారు. తర్వాత గట్టిగా చదవండి. ఇంకొకరిచేత, ముందుగా చూడకుండా, చదివించండి. ఒకే మాట దగ్గర వాళ్లు రెండుసార్లు తడబడితే తప్పు వాళ్లది కాదు, ఆ మాట మార్చాలి. పిల్లలు మీ మాటను వాడుతూ మీరు రాయని వాక్యం చెప్పారంటే, దాన్ని ఇక ముట్టుకోకండి.

అన్నట్టు, ఆ పట్టికను పారేయకండి. అది పిల్లలకు అక్కర్లేదు గానీ ప్రూఫులు దిద్దేవారికి కావాలి. వాళ్లు ‘చిలుకప్ప’ను ‘చిలుక, కప్ప’ అని, ‘నిట్టనిద్ర’ను ‘నిండు నిద్ర’ అని మంచి ఉద్దేశంతోనే దిద్దేస్తారు. మాట, దాని బహువచనం, కి, లో, తో చేరితే ఎలా మారుతుందో, మొదట ఏ పేజీలో వస్తుందో రాసి పెట్టండి. ఒక ప్రతి వాళ్లకు ఇవ్వండి, ఇంకొకటి బొమ్మలు వేసేవారికి.